టైల్సు తరవాత చూద్దువుగాని

బాబూ, ఇల్లు బాగు చేయిద్దామనుకుంటున్నావట. మంచి ఆలోచనే. తాతల నాటి పెంకుటిల్లు, వానొస్తే రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టుకోవాల్సిన ఇల్లు. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట పెరట్లోకి నడిచి వెళ్ళాలంటే గోడ పట్టుకోవాలి. నువ్వు ఉద్యోగంలో కుదురుకున్నావు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, బ్యాంకువాళ్ళు అప్పిస్తామంటున్నారు. నీ ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు. కానీ నిన్న ఫోన్లో బొమ్మలు చూపించావే, అవి చూశాక కాస్త గుబులేసింది. అన్నీ టైల్సు, ఫాల్స్ సీలింగు, గోడలో దీపాలు, గుమ్మం ముందు గ్రానైటు. ఒక్క బొమ్మలోనూ పునాది లేదు. ఎర్తు తీగ లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు. దస్తావేజు సంగతి సరేసరి.

అందుకే పిలిచాను. కూర్చో. కాఫీ వస్తోంది, పారిపోకు. నేను చెప్పేది ఒక్కటే మాట, అదే నాలుగుసార్లు చెబుతాను, విసుక్కోకు. కనపడనిదానికి ముందు ఖర్చు పెట్టు, కనపడేదానికి తరవాత పెట్టు. మీ అమ్మ ప్రాణానికి భద్రమైనదేదో, రేపు నీ ఇల్లు కొనేవాడు డబ్బిచ్చేదీ దానికే. రెండూ వేరు వేరు అనుకుంటున్నావు చూడు, అదే తప్పు.

మనది సాలూరు. లారీల ఊరు. బాడీ కట్టే షెడ్ల పక్కనే ఆడుకుంటూ పెరిగావు. చాసీ ఎంత మోస్తుందో తెలియకుండా బాడీ కట్టే మేస్త్రిని ఎప్పుడైనా చూశావా? రంగులెన్నైనా వేస్తాడు, దేవుడి బొమ్మలు వేయిస్తాడు, కానీ ముందు కిందికి వంగి చాసీ చూస్తాడు. బరువు మించిన బండి ఊళ్ళో బాగానే నడుస్తుంది, సుంకి ఘాటు ఎక్కేటప్పుడు దాని సంగతి తెలుస్తుంది. ఇల్లూ అంతే. మామూలు రోజుల్లో ఏ ఇల్లయినా నిలబడుతుంది. తుపానొచ్చిన రాత్రి, గోడలో తడి దిగిన ఏడాది, అప్పుడు బయటపడుతుంది.

పాత గోడల మీద శ్లాబు వేసేద్దామని మేస్త్రి అన్నాడట కదా. "గోడలు దిట్టంగా ఉన్నాయి బాబూ, ఏం కాదు" అన్నాడట. కాస్త లెక్క వేద్దాం. పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు గది తీసుకో. దాని మీద ఐదంగుళాల శ్లాబు వేస్తే ఒక్క ఆ ముక్కే దాదాపు 3 టన్నులు తూగుతుంది. దాని మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు పెడితే ఇంకో టన్ను. దాని మీద రేపు నీ కొడుక్కి ఒక గది. మీ గోడలు ఏ అడుసుతో కట్టారో నీకు తెలుసా? మట్టి అడుసా, సున్నమా? పునాది ఎంత లోతుందో తెలుసా? అవి పెంకుల బరువుకీ, దూలాల బరువుకీ కట్టిన గోడలు. వాటికి ఆ బరువు మోయడమే తెలుసు. ఒక మూల రెండు అడుగులు తవ్వించి చూస్తే అయిపోయే దానికి, "ఏం కాదు" అన్న మాట మీద ఇల్లంతా పెడతావా?

ఇంజనీరుని పిలవమంటే ముఖం చిట్లిస్తావెందుకు? ఆయన ఫీజు నీ హాల్లో వేసే టైల్సు ధరలో చిన్న ముక్క. ఏ గోడ బరువు మోస్తోంది, ఏ గోడ ఉత్త అడ్డుగోడ, ఎక్కడ పిల్లరు లేపాలి, పై అంతస్తుకి ఈ పునాది చాలుతుందా, ఇవన్నీ కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకో. ఆ కాగితం దాచుకో. రేపు అమ్మేరోజున అది కూడా ఆస్తే.

హాలు పెద్దది చేద్దామని నడవ గోడ తీసేస్తానన్నావు. మెయిన్ రోడ్డు వైపు గోడలు తీసి రెండు షట్టర్లు పెట్టి షాపులకి అద్దెకిస్తానన్నావు. అద్దె వస్తుంది, కాదనను. కానీ కింద గోడలు తీసేసి పైన బరువు అలాగే ఉంచితే, ఆ బరువంతా ఎవరు మోస్తారు? 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు, భుజ్‌కి ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాదులో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా ఉత్త స్తంభాలే ఉన్నాయి. "మనకి భూకంపాలు రావు కదా" అంటావు. సరే, భూకంపమే లేని కథ చెబుతాను. దక్షిణ కొరియాలో, సియోల్ నగరంలో సాంపుంగ్ అని పెద్ద దుకాణం ఉండేది. కట్టేటప్పుడు అనుకున్నది ఒకటి, తరవాత మార్చింది ఇంకొకటి. పైన ఒక అంతస్తు కలిపారు, ఎస్కలేటర్ల కోసం స్తంభాలు తగ్గించారు, ఏసీ యంత్రాలు కప్పు మీద ఎక్కించారు. పగుళ్ళు కనపడ్డాక కూడా గిరాకీ పోతుందని తలుపులు తెరిచే ఉంచారు. 1995 జూన్ 29 సాయంత్రం అది కూలింది. 502 మంది పోయారు. అంత పెద్ద నగరంలో, అంత చదువుకున్న వాళ్ళ మధ్య జరిగింది బాబూ. వాళ్ళూ నీలాగే కాస్త మార్పే కదా అనుకున్నారు. గోడ తీయాలంటే తియ్యి, కానీ దాని బదులు ఏ బీమ్ వస్తుంది, ఆ బీమ్ ఏ పిల్లరు మీద కూర్చుంటుంది, అది ఇంజనీరు చెప్పాకే సుత్తి పట్టించు.

వాస్తు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాస్తు చూపించుకో, వద్దనను. మన దగ్గర ఇల్లు కొనేవాడు ముందు దిక్కే అడుగుతాడు, గుమ్మం ఎటు, వంటిల్లు ఎటు అని. కానీ సిద్ధాంతి గారు ఈశాన్యం తెరవమన్నారని మూల గోడ కొట్టించేముందు ఇంజనీరుకి కూడా చూపించు. ఇద్దరూ సరే అన్నదే చేద్దువు.

ఇక పైకప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలి ఒక్క సముద్రం ఒడ్డునే ఆగిందా? అరకు కొండల దాకా చెట్లు పడగొట్టింది. తరవాత 2018లో తిత్లీ శ్రీకాకుళం వైపు ఊళ్ళని తుడిచిపెట్టింది. మన ఇళ్ళకి అక్టోబరు, నవంబరు నెలలు పరీక్ష. ఇనప రేకులు వేయిస్తే కింద పట్టెలకి కొక్కేలతో, బోల్టులతో బిగించి వేయించు, రాళ్ళూ ఇటుకలూ పెట్టి వదిలేయకు. చూరు అంచునా, మూలల్లోనూ బిగింపులు దగ్గర దగ్గరగా ఉండాలి, గాలి ముందు పట్టుకునేది అక్కడే. ఎగిరిన రేకు మనిషి మెడ మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

పాత సిమెంటు రేకులు తీయిస్తున్నావా? అవి ఆస్‌బెస్టాస్ రేకులు. సుత్తితో పగలగొట్టించకు, మిషనుతో కోయించకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, దాని జబ్బు ఏళ్ళ తరవాత బయటపడుతుంది. నీళ్ళు కొట్టి తడిపి, బోల్టులు విప్పించి, రేకు విరగకుండా దింపించు. పనివాళ్ళకి మాస్కులు కొనివ్వు. ఆ రోజు పిల్లల్ని మీ అత్తగారింటికి పంపించు, మీ ఆవిడ కూడా సంతోషిస్తుంది.

పెంకుటిల్లే ఉంచుకుంటానంటే మాత్రం నేను చాలా సంతోషిస్తాను. బాగున్న దూలాలు, వాసాలు ఉంటే పెంకులు దింపి, కడిగి, పాడైనవి మార్చి మళ్ళీ నేయిస్తే ఎండాకాలంలో శ్లాబు కంటే చల్లగా ఉంటుంది. మట్టి గోడలకి సిమెంటు పూత వేయించకు, సున్నంతోనే గారవేయించు. సిమెంటు పూత లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు, కొన్నాళ్ళకి గోడ లోపలే నాని పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. ఇంకో మాట. పాత ఇల్లు విప్పేటప్పుడు "ఆ కర్ర నేను తీసుకుపోతానులెండి, కూలి తగ్గించుకోండి" అని ఎవరో ఒకరు వస్తారు. తొందరపడి ఇచ్చేయకు. టేకు దూలం, పనస తలుపు ఈ రోజుల్లో కొందామంటే ఎంతవుతాయో ఒకసారి అడిగి చూడు. ఆ తలుపులు చెక్కించి, నూనె పెట్టి మళ్ళీ గుమ్మానికి బిగించుకో.

నీళ్ళ సంగతి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోంది, పాత ఇళ్ళ గడపలు రోడ్డు కంటే కిందికి దిగిపోతున్నాయి. కొత్త గచ్చు వేయించేముందు వీధి మట్టం చూసుకో. ఈ రోజు మట్టం కాదు, ఇంకో రెండుసార్లు రోడ్డు వేస్తే ఎంతవుతుందో ఆ మట్టం. లేకపోతే ఖరీదైన టైల్సు మీద మురికినీళ్ళు నిలబడతాయి. వేగావతి ఏటి వైపు, గెడ్డల పక్కన స్థలం చౌకగా దొరికిందని గదులు కలపకు. గెడ్డ ఏడాదిలో పది నెలలు పడుకుని ఉంటుంది, మిగతా రెండు నెలల్లో తన దారి తాను వెతుక్కుంటుంది. కొనేవాడు కూడా వానాకాలంలోనే చూడటానికి వస్తాడు, తెలివైనవాడైతే.

సెప్టిక్ ట్యాంకు తవ్వించేటప్పుడు నూతికి దూరంగా తవ్వించు. ఇంకుడు గుంత మంచినీళ్ళ నూతికి కనీసం 60 అడుగులు దూరం ఉండాలంటారు. నీ పెరట్లో అంత చోటు లేకపోతే పక్కింటి నుయ్యి ఎటుందో కూడా చూసుకో, వాళ్ళ పిల్లలూ ఆ నీళ్ళే తాగుతారు. ట్యాంకు నిండితే మిషను పెట్టి లాగించు, మనిషిని మాత్రం లోపలికి దించకు. నేరమనే కాదు, ఆ గ్యాసుకి దిగినవాడూ, వాణ్ణి లాగబోయినవాడూ ఇద్దరూ పోతారు. ఇలాంటి వార్తలు ఎన్ని చదవలేదు మనం.

కరెంటు విషయంలో మాత్రం నువ్వు నా మాట వినే తీరాలి. పాత వైరింగు మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్వు పెట్టేస్తున్నారు. లైట్ల కోసం లాగిన సన్న తీగ ఆ బరువు మోయలేదు, గోడ లోపలే వేడెక్కి ఊరుకుంటుంది, ఒక రోజు మండుతుంది. ఏసీకి, గీజరుకి వేరే లైను లాగించు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించు. ఎర్తు సరిగా పాతించు, ఎండాకాలంలో దాన్ని తడపడం మరిచిపోకు. మెయిను బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించు. 30 మిల్లీ ఆంపియర్లది. తడి చేత్తో మీ అమ్మ స్విచ్చు వేసి షాకు తగిలితే, రెప్పపాటులో కరెంటు తీసేసేది అదొక్కటే. గోడలో దీపాలు పెట్టించుకున్నవాళ్ళు దీనికి డబ్బుల్లేవంటే నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. లోడు పెరిగితే కరెంటు ఆఫీసుకి వెళ్ళి అదనపు లోడుకి డబ్బు కట్టు. ఇంటి పక్కనుంచి 11 కేవీ తీగ పోతుంటే బాల్కనీ ముందుకు జరపకు. పక్కకి కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు దూరం ఉండి తీరాలి. ఇనప చువ్వలు మేడ మీదికి ఎక్కించేటప్పుడు తీగకి తగిలి పోయిన కూలీలు ఎందరో. చువ్వ నీది, ప్రాణం వాళ్ళది.

బాత్‌రూము లోపలికి తేవడం మంచి పని, అన్నిటికంటే ముందు అదే చెయ్యి. కానీ మెరిసే టైల్సు వేయకు, గరుకువి వెయ్యి. గోడకి పట్టుకునే కడ్డీ బిగించు. తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టించు, లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు ఎలా తీస్తావు? గ్యాస్ గీజరు మూసిన బాత్‌రూములో పెట్టనే వద్దు. వాసన లేని విషవాయువు వస్తుంది, స్నానానికి వెళ్ళిన మనిషి బయటికి రారు. మెట్లు కట్టేటప్పుడు ఒక్కో మెట్టు ఎత్తు 7.5 అంగుళాలు మించనివ్వకు, పాదం పెట్టే చోటు 10 అంగుళాలు తగ్గనివ్వకు. అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండాలి, ఒక్కటి తేడా వచ్చినా చీకట్లో ఆ మెట్టు దగ్గరే పడతారు. డాబా పిట్టగోడ మీ చంటిదాని తల కంటే చాలా ఎత్తుండాలి, 1 మీటరు తక్కువ వద్దు. కోతుల బెడదని కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగిస్తున్నారు, బిగించు, కానీ ఒక్క కిటికీ గ్రిల్లయినా లోపలినుంచి తెరుచుకునేట్టు ఉంచు. ముందు గదిలో మంటలొస్తే వెనక గదిలోవాళ్ళు ఎటు పోతారు?

చూశావా, ఇందాకటినుంచి ఒక్క రూపాయి అందానికి ఖర్చు పెట్టలేదు మనం. కనపడనిది ముందు అని అందుకే అన్నాను.

ఇప్పుడు అసలు కనపడనిది, కాగితం. ఈ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఇంకా మీ తాతగారి పేరు మీదే కదా. మీ నాన్న పోయాక నువ్వు ఇంటి పన్ను కడుతున్నావు, అంతమాత్రాన ఇల్లు నీదైపోలేదు. మీ అక్కకి వాటా ఉంది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పెళ్ళైపోయింది కదా, కట్నం ఇచ్చాం కదా అంటే కోర్టు వినదు. నువ్వు అప్పు చేసి పది లక్షలు పోసి ఇల్లు మెరిపించాక వాటా సంగతి వస్తే, ఆ పది లక్షలకి లెక్క ఎవరు చెబుతారు? అక్కా తమ్ముళ్ళు మాట్లాడుకోవడం మానేస్తారు. ముందే కూర్చోండి. పండక్కి అక్క వచ్చినప్పుడు అమ్మ ఎదురుగా మాట్లాడుకుని, పంపకం కానీ, హక్కు విడుదల కానీ, రిజిస్టరు చేయించుకోండి. అక్క వద్దంటుంది, నాకు తెలుసు, "తమ్ముడే ఉంచుకోనీ" అంటుంది. అంది కదా అని కాగితం మానేయకు. ఆ మాట మీ అక్కది, రేపు మీ మేనల్లుళ్ళది కాదు.

పై అంతస్తుకి మున్సిపాలిటీ అనుమతి తీసుకో. "ఎవరు అడుగుతారు బాబాయ్" అంటావు. ఈ రోజు ఎవరూ అడగరు. కొనేవాడు బ్యాంకు లోనుకి వెళ్ళిన రోజు బ్యాంకు లాయరు అడుగుతాడు, ప్లాను చూపించమని. ప్లాన్లో లేని అంతస్తుకి బ్యాంకు విలువ కట్టదు. లోను రాకపోతే కొనేవాడు నగదే తేవాలి, నగదున్నవాడు నీ ధర సగానికి బేరం చేస్తాడు. అక్కడ పోయేది అనుమతి ఫీజు కంటే ఎన్ని రెట్లో లెక్క వేసుకో. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించు, లింకు డాక్యుమెంట్లు ఒక ఫైల్లో పెట్టు. స్థలం ప్రభుత్వం అసైన్ చేసిన డీ-పట్టాది అయితే ఆగు. 1977 చట్టం అసైన్డు భూముల అమ్మకాన్ని నిషేధించింది, ఇళ్ళ స్థలాలకి తరవాత షరతులతో సడలింపులు ఇచ్చారు, నీ పట్టాకి ఏది వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే మేస్త్రికి అడ్వాన్సివ్వు.

కొండ మీద ఇల్లు కొనుక్కుని బాగు చేయిద్దామన్న నీ స్నేహితుడికి కూడా చెప్పు. మన సాలూరు మండలంలో, పక్క పాచిపెంటలో, మక్కువలో కొన్ని ఊళ్ళు షెడ్యూల్డు ఏరియాలో ఉన్నాయి, అరకు మొత్తం అందులోదే. అక్కడ 1/70 చట్టం ఉంది. 1959 నాటి రెగ్యులేషనుకి 1970లో చేసిన సవరణ అది. ఆ ఊళ్ళలో స్థలం, ఇల్లు గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఒక గిరిజన స్నేహితుడి పేరు మీద రాయించుకుని, తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని, దాని మీద హోమ్‌స్టే కడదామంటున్నాడట. వాడికి చెప్పు, అది మోసం, పైగా తెలివితక్కువ మోసం. ఆ కాగితం ఏ కోర్టులోనూ నిలవదు, ఆ ఇల్లు వాడు ఎప్పటికీ అమ్ముకోలేడు. ఆ చట్టం పుట్టిందే అలాంటి కాగితాల వల్ల, కొండవాళ్ళ భూములు ఒక్కొక్కటే జారిపోతుంటే ఆపడానికి.

కొండవాళ్ళలో జాతాపు వాళ్ళబ్బాయి, నీతో చదువుకున్నవాడు, వాడూ ఇల్లు కట్టుకుంటున్నాడట. వాడికి ఇంకో రకంగా చెప్పు. నీ ఇల్లు నీ వాళ్ళకే అమ్మగలవు కాబట్టి నీ వాళ్ళకి పనికొచ్చేట్టు కట్టుకో అని చెప్పు. చోళ్ళు, సామలు ఆరబోసుకునే కళ్ళం పోగొట్టుకోవద్దని, పశువుల శాలకి చోటు వదలమని, వాలు మీద ఇంటి వెనక మట్టి నిలువుగా కోసేయొద్దని చెప్పు. కోసిన మట్టి వానకి జారుతుంది, జారితే మంచం మీదికే వస్తుంది. కొండ వైపు నీళ్ళు పక్కకి పోయేలా కాలవ తీయించుకోమను.

ఇప్పుడు అమ్మే ధర సంగతి, నువ్వు అడిగావు కాబట్టి. అమ్మే ఉద్దేశం లేదంటావు. ఉండకపోవచ్చు. అయినా అమ్మగలిగేలా ఉంచు. పిల్లలు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో స్థిరపడితే, ఎవరికైనా ఆపరేషను అవసరమైతే, ఇల్లే కదా ఆదుకునేది. సాలూరులో ఇల్లు కొనేవాడెవడు? లారీ ఓనరు, టీచరు, కొండమీంచి పిల్లల చదువుకి దిగొచ్చిన కుటుంబం, రిటైరైన గుమాస్తా. వాళ్ళు నీ ఫాల్స్ సీలింగుకి డబ్బివ్వరు. కాగితాలు శుభ్రంగా ఉన్నాయా, నీళ్ళున్నాయా, వానకి కారుతుందా, గోడ పగిలిందా, బండి పెట్టుకునే చోటుందా, పైకి వేరే మెట్లున్నాయా అద్దెకివ్వడానికి, కింద అమ్మకి ఒక గది, బాత్‌రూము ఉన్నాయా, ఇవే చూస్తారు. వీధిలో అన్ని ఇళ్ళూ పాతిక లక్షలుంటే నీ ఒక్క ఇంటి మీద ఇంకో పాతిక పోసి యాభైకి అమ్ముదామంటే ఎవడూ రాడు. స్థలం విలువ ఏటా పెరుగుతుంది, కట్టడం విలువ ఏటా తరుగుతుంది, ఇది మరిచిపోకు. నీ సరదాకి పెట్టేది పెట్టు, అది సరదా ఖర్చు అని నీకు తెలిసి పెట్టు. పెట్టుబడి అని మీ ఆవిడకి చెప్పి పెట్టకు.

ఆఖరుగా పని జరిగే తీరు. శంబర పోలమాంబ జాతరకి చుట్టాలొస్తారు, ఆలోపు గృహప్రవేశం అయిపోవాలని మేస్త్రిని తరమకు. శ్లాబుకి ఎంత పదును కావాలో జాతర తేదీకేం తెలుసు? ఇప్పుడొచ్చే పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడపాలి, ఎండలు ముదిరితే 14. పదిహేను అడుగుల లోపు శ్లాబుకే కింద కర్రలు వారం ఉంచాలి, అంతకు మించితే రెండు వారాలు. మన మేస్త్రీలు 21 రోజులు ఉంచుతామంటే ఉంచనీ, సెంట్రింగు అద్దె రోజుకింత అని లెక్కపెట్టుకోకు. పైకప్పు విప్పే పని సంక్రాంతి తరవాత మొదలుపెట్టి, వానలు పడకముందే మూసెయ్యి. పై అంతస్తు తరవాత చూద్దామని పిల్లర్ల చువ్వలు డాబా మీద అలా ఏళ్ళ తరబడి వదిలేయకు, తుప్పు పడతాయి, ఆ తుప్పు మీద రేపు గది లేపితే ఏమైనా జరగొచ్చు. పల్చటి కాంక్రీటు కప్పించు.

మేస్త్రితో రేటు, పని, తేదీలు తేటతెల్లంగా రాసుకో. పని ముందు, డబ్బు వెనక. చివరి పదో వంతు ఒక వాన చూశాక ఇవ్వు. ఖర్చు ఎంతనుకున్నావో దాని మీద ఇంకో పావు వంతు పక్కన పెట్టు, పాత ఇల్లు విప్పితే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. పరంజా మీద పనిచేసేవాళ్ళకి తాళ్ళున్నాయో లేదో చూడు, మధ్యాహ్నం వాళ్ళకి నీడా నీళ్ళూ చూడు. గోడలో పైపులు, తీగలు పూడ్చేముందు ఫోన్లో ఫొటోలు తీసి దాచుకో. నీకు సరదా కదా ఫొటోలు, అవి తియ్యి.

కాఫీ చల్లారిపోయింది, తాగు. తాగాక ఇంటికెళ్ళి దస్తావేజుల పెట్టె దింపు, అక్కకి ఫోను చెయ్యి. రేపు పొద్దున్నే ఇంజనీరుని తీసుకురా, మూల తవ్వేటప్పుడు నేనూ వస్తాను. మధ్యాహ్నం దాకా ఆగితే నీకు మళ్ళీ ఆ బొమ్మలు చూడబుద్ధవుతుంది.